బసవ్వ దుకాణంలో కొన్న ఎర్ర ఓణీ

మొన్న మా మనవరాలు కొత్త నూలు చీర కొనుక్కొచ్చి, మడత విప్పి నా ఒళ్ళో పరిచింది. గుప్పున గంజి వాసన వచ్చింది. కొత్త బట్ట వాసనంటే ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉంటారు. పండుగలు, పెళ్ళిళ్ళు గుర్తొస్తాయంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఒక వాన గుర్తొస్తుంది. డెబ్బై ఏళ్ళు కావస్తున్నా ఆ వాన నన్ను వదలలేదు. నేను చీర అంచు పట్టుకుని రెండు బొటనవేళ్ళ మధ్య నలిపాను. సన్నగా తెల్లటి పొడి రాలింది. "ఏం పరీక్ష అమ్మమ్మా ఇది, ఎవరు నేర్పారు?" అని అడిగింది ఆ పిల్ల నవ్వుతూ. బసవ్వ నేర్పింది అన్నాను. బసవ్వ ఎవరంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. చెప్పాలంటే ముందు నా సిగ్గు సంగతి చెప్పాలి. అందుకే చెప్పి ఉండను.

బసవ్వది తాండూరు. స్టేషను నుంచి అంగడికి పోయే దారిలో ఆమె బట్టల దుకాణం ఉండేది. నాపరాయి మెట్లు ఎక్కితే లోపల తెల్ల దుప్పటి పరిచిన పెద్ద పరుపు, దాని మీద ఒక మూలగా గద్దె, ఆ గద్దె మీద ఆమె. పోలీస్ యాక్షన్‌కు ముందు గడబిడ రోజుల్లో భర్త జ్వరం వచ్చి పోతే, వాళ్ళ లింగాయతుల ఇళ్ళలో ఆడది దుకాణంలో కూర్చోవడమేమిటని అందరూ అన్నా వినకుండా ఆమే కూర్చుంది. నుదుటి మీద విభూతి, మెడలో లింగకాయ, కన్నడం కలిసిన తెలుగు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. సరుకు తెచ్చేది, గజం కడ్డీతో కొలిచి ఇచ్చేది ఆమె మరిది వీరప్ప. డబ్బూ మాటా ఉన్న గిరాకీలు చెప్పులు విడిచి పరుపు మీద కూర్చునేవారు. మాలాంటి వాళ్ళం మెట్ల కింద నిలబడేవాళ్ళం. ఎవరూ నిలబడమని చెప్పేవారు కాదు, ఎక్కమనీ అనేవారు కాదు. వీరప్ప పైనుంచి బట్ట కిందికి జార్చి చూపించేవాడు.

మాది బంట్వారం దగ్గర పల్లె. మేము కురుమలం. మా నాయిన మల్లయ్య గొర్లు కాసేవాడు, వానాకాలం తర్వాత ఉన్ని కత్తిరించి గొంగళ్ళు నేయించేవాడు. నా చిన్నతనంలో బట్టకు కరువు. కంట్రోలు బట్ట అని రేషనులో ఇచ్చేవారు, అది గోనెసంచికి చెల్లెలు. అదీ దొరికినప్పుడే. మా అమ్మకూ మేనత్తకూ కలిపి బయటికి కట్టుకుపోయే చీర ఒకటే ఉండేది. మేనత్త అంగడికి పోతే అమ్మ ఇంట్లో ఉండేది, అమ్మ పోతే మేనత్త ఉండేది. ఒకసారి ఇద్దరినీ ఒకే పెళ్ళికి పిలిచారు. అమ్మ తెల్లవారుతూనే గొంగడి కప్పుకుని పడుకుంది. పిలవడానికి వచ్చిన ఆమెతో "ఒళ్ళు కాలుతున్నది వదినె, నేను రాలేను" అంది. ఆమె వెళ్ళిపోయాక నేను అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. అమ్మ నా చెయ్యి తీసేసి గోడవైపు తిరిగింది. బట్ట లేకపోవడమంటే చలి కాదని, ఎండా కాదని, ముఖం దాచుకోవడమని నాకు ఆ పొద్దు అర్థమైంది.

ఊళ్ళో బడి పెట్టిన పంతులు గారు నాకు చదువు వస్తుందని పట్టుబట్టి, మా నాయినను ఒప్పించి వికారాబాదులో ఆడపిల్లల బడికి పంపారు. అక్కడే హాస్టలు. నాకు పద్నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు బడి వార్షికోత్సవం వచ్చింది. వచ్చే అతిథికి పూలదండ వేయడానికి పెద్ద పంతులమ్మ నన్ను ఎంచింది. నేను బాగా చదువుతాననే ఎంచింది కానీ, ఓణీ వేసుకుని రావాలంది. నాకు ఓణీ లేదు. సెలవుకు ఇంటికి వచ్చి ఆ మాట చెప్పలేక రెండు రోజులు నసిగాను. మూడో రోజు నాయిన తానే అడిగి తెలుసుకుని, "గంతేనా బిడ్డా" అన్నాడు. మళ్ళీ బడికి పంపేటప్పుడు దారిలో తాండూరులో దిగి బసవ్వ దుకాణానికి తీసుకుపోయాడు.

వీరప్ప మొదట ఒక మందపాటి ఓణీ చూపించాడు. నాయిన ధర అడిగి, బట్టను వేళ్ళతో ఒకసారి తడిమి, జాగ్రత్తగా మళ్ళీ మెట్టు మీద పెట్టేశాడు. అప్పుడు వీరప్ప లోపలినుంచి ఇంకొకటి తెచ్చి గాలిలో విప్పాడు. నెత్తురంత ఎరుపు. అద్దంలా మెరుస్తోంది. ధర సగమే. నా కళ్ళు దాని మీదే ఉండిపోయాయి. నాయిన నా ముఖం చూశాడు.

"రంగు పోదు గదా సావుకారి?" అని అడిగాడు.

"మిల్లు రంగు మల్లయ్యా. యాడికి పోతది?" అన్నాడు వీరప్ప.

"గొంగడైతే ఎన్నేండ్లు వస్తదో చేత వట్టి చెప్త. గీ మిల్లు బట్ట సంగతి నాకేమెరుక. నువ్వే చెప్పాలె."

"చెప్పిన గదా."

గద్దె మీద బసవ్వ తల ఎత్తి మమ్మల్ని చూసింది. ఆ ఎర్ర ఓణీనీ చూసింది. ఏమీ అనకుండా మళ్ళీ తల దించుకుంది. ఆ చూపు నాకు అప్పుడు గుర్తుండవలసిన పని లేదు. తర్వాత జరిగిన దానివల్ల గుర్తుండిపోయింది.

వార్షికోత్సవం బడి ముందు మైదానంలో. పందిరి వేశారు కానీ గుడ్డ పందిరే. అతిథి ఒక ఇంజనీరు గారి భార్య. పాలలాంటి తెల్ల చీర కట్టుకుని వచ్చింది. ప్రార్థన అవుతుండగా సన్నగా తుంపర మొదలైంది. ఎవరూ లేవలేదు. దండ పట్టుకుని నేను వరసల ముందు నిలబడి ఉన్నాను. చేతులు తడిగా ఉన్నాయనిపించి చూసుకుంటే మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తెల్ల రవిక భుజం దగ్గర ఎర్రబడింది. లంగా మీదికి, వెనకవైపు, రంగు ధారలు కట్టింది. నాకు వెనక కనబడలేదు. వెనక కూర్చున్న వాళ్ళకు కనబడింది. "ముట్టయినట్టుంది" అని ఎవరో అన్నారు. ఆ మాట వరసల వెంట పాకిపోయింది. అప్పటికే నా పేరు పిలిచారు. వెళ్ళాను. దండ వేస్తుంటే నా చెయ్యి ఆమె భుజానికి తగిలింది. తెల్ల చీర మీద నా నాలుగు వేళ్ళు అచ్చు పడ్డాయి. ఆమె ఒక్కడుగు వెనక్కి వేసింది. కోపంతో కాదు, పాపం, ఉలిక్కిపడి. కానీ ఆ అడుగు చూసి పందిరి కింద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు.

ఆ రాత్రి హాస్టలులో ఎవరూ నా పక్కన పడుకోలేదు. అంటు అనుకున్నారో, జాలిపడ్డారో తెలియదు. తెల్లారి ఎవరికీ చెప్పకుండా ఓణీని మూటగట్టుకుని స్టేషనుకు నడిచి తాండూరు బండి ఎక్కాను. ఆ రోజు అంగడి. నాయిన గొర్లు అమ్మడానికి వస్తాడని తెలుసు. అతన్ని వెతికి పట్టుకుని, ఇంక బడికి పోను అన్నాను. ఎందుకని అడిగితే మూట విప్పి చూపించాను, ముట్టు మాట మాత్రం చెప్పలేదు, నాయినతో ఆ మాట ఎట్లా చెప్తాను. ఓణీ ఎక్కడికక్కడ వెలిసిపోయి చారలు కట్టింది. గంజి పోయి జల్లెడలా తయారైంది. దాని గుండా అతని అరచెయ్యి కనబడుతోంది. దాన్ని మళ్ళీ మూటగట్టి, "పా" అన్నాడు.

దుకాణం ముందు నాయిన ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడ్డాడు. లోపల పరుపు నిండా గిరాకీలు. అతను గొంతు పెంచలేదు. ఏదో ఇప్పించమని వచ్చినవాడిలా, "సావుకారీ, జర గీ బట్ట సూడుండ్రి" అన్నాడు.

వీరప్ప పైనుంచే చూశాడు. "వానల తడిపినవా?"

"పిల్ల కట్టుకున్నది. వానొచ్చింది."

"తక్కువల కావాలంటివి, ఇస్తిని. తక్కువ బట్ట తక్కువ లెక్కనే ఉంటది గదా మల్లయ్యా. పట్టుచీర లెక్కుండమంటే ఎట్ల?"

పరుపు మీద ఎవరో నవ్వారు. నాయిన ఓణీని మడత పెట్టడం మొదలుపెట్టాడు. చిరిగిన గొంగడిని మడిచినంత శ్రద్ధగా, అంచుకు అంచు కలిపి. ఆ మడత పెట్టడం నేను చూడలేకపోయాను. నన్ను చూసి బడి మొత్తం నవ్వినప్పుడు కలగని సిగ్గు అప్పుడు కలిగింది. మేము తప్పు చేసినవాళ్ళలా ఉన్నాం.

బసవ్వ గద్దె దిగింది. ఆమె గద్దె దిగి రావడం నేను అంతకు ముందు చూడలేదు. మెట్ల మీదికి వచ్చి, "ఇల్లి బా బిడ్డా" అని నన్ను దగ్గరికి పిలిచింది. "ఏమైందో నువ్వు చెప్పు." నేను నాయిన వైపు చూశాను. ఆమెకు అర్థమైంది. నన్ను పక్కకు తీసుకుపోయింది. చెవిలో చెప్పాను, అన్నీ. వింటూ వింటూ ఆమె ముఖం నల్లబడింది. నాయిన చేతిలోంచి ఓణీ తీసుకుని, గిరాకీల కోసం పెట్టిన నీళ్ళ బిందె పక్కన ఒక బేసిను పెట్టించి, దానిలో నీళ్ళు పోయించి, అందరూ చూస్తుండగా ఓణీని ముంచింది. అంత వెలిసినదాంట్లోనూ ఇంకా రంగు ఉంది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

"వదినా, గిరాకీల ముందట ఏంది గిది" అన్నాడు వీరప్ప నెమ్మదిగా.

"గిరాకీల ముందట్నే అమ్మినం గదా" అందామె. తర్వాత నాయిన వైపు తిరిగి, "మల్లయ్యా, గిది నా దుకాణంలకెల్లి పోయింది. నాకు సిగ్గయితున్నది" అంది. అంత మంది ముందు, పెద్ద గొంతుతో. సిగ్గయితే మనుషులు గొంతు తగ్గిస్తారని మాత్రమే నాకు తెలుసు.

"లోపలికి రా, కూసో" అని నాయినను పిలిచింది. అతను చేతులు జోడించి, "గీడ్నే మంచిగుంది అవ్వా" అన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ దుకాణానికి వచ్చాడు. ఆమె ప్రతిసారీ పిలిచేది. అతను ఒక్కసారీ మెట్లు ఎక్కలేదు. ఆ పిలుపు చాలా ఆలస్యంగా వచ్చిందని ఇద్దరికీ తెలుసనుకుంటాను.

నాకు మందపాటి ఓణీ ఒకటి ఇచ్చి పంపి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఆమె అది ఇచ్చింది, కానీ అంతటితో ఆగలేదు. మధ్యాహ్నం బండికి నాతో బయలుదేరింది. ఎక్కడికి అంటే మీ బడికి అంది. నేను ఏడ్చాను. వద్దవ్వా, మళ్ళీ అందరికీ గుర్తు చేసినట్టవుతుంది, నన్ను వదిలేయండి అని బతిమాలాను. "నువ్వు బడి ఇడిసిపెడితే అందరు అనుకున్నదే ఖాయమైతది" అంది. బండిలో ఆమె కిటికీ పక్కన కూర్చుని కందిచేల వైపే చూస్తోంది. ఆమెను ఓదార్చాలని నాకే అనిపించింది. "మీకేం ఎరుక అవ్వా, సరుకు వీరప్ప గదా తెచ్చింది" అన్నాను.

"ఎరుక లేదని చెప్పుకోవచ్చు" అంది. "షోలాపూర్‌కెల్లి ఆ బట్టల బేలు వచ్చినప్పుడు ధర సూసి సంబురపడ్డ. గింత తక్కువకు ఎట్లొచ్చిందని అడగలే. అడిగితే తెలిసిపోతదని అడగలే. మీ నాయిన రంగు పోదు గదా అని అడిగినప్పుడు నేను ఇన్న. తల దించుకున్న. గంతే నేను చేసింది."

పెద్దవాళ్ళెవరైనా ఒక పిల్లతో అట్లా మాట్లాడతారని నేను అనుకోలేదు. నా కొత్త ఓణీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

ముందు ఇంజనీరు గారి బంగళాకు వెళ్ళాం. ఆమె వరండాలోకి వచ్చింది. మంచి మనిషే. "చీర ఒకటి పాడైతే ఏమైందమ్మా, దాని కోసం ఇంత దూరం వచ్చారా? అది పనిమనిషికి ఇచ్చేశాను" అంది. మమ్మల్ని కూర్చోమనలేదు. కూర్చోవద్దనీ అనలేదు. బసవ్వ నిలబడే, "చీర కోసం రాలేదమ్మా. ఈ పిల్లకేమీ కాలేదని, ఆ ఎరుపు నా దుకాణం రంగని చెప్పిపోదామని వచ్చిన" అంది. ఆమెకు ఆ మాట సరిగా అర్థమైందో లేదో, సరే సరే అని నా తల నిమిరి లోపలికి వెళ్ళిపోయింది. గేటు దాటాక బసవ్వ ఆగి, చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆమె చెడ్డది గాదు. కూసోమనాలన్న సంగతి ఆమెకు తోచలే. నాకూ ఇన్నేండ్లు తోచలే గదా" అంది. మా నాయిన నా పక్కన లేడు, అయినా ఆమె అతనితోనే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

బడిలో, పిల్లలందరి ముందు చెప్తానంటే పెద్ద పంతులమ్మ మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఏమనుకుందో, సాయంత్రం ప్రార్థనకు అందరూ చేరినప్పుడు చెప్పమంది. బసవ్వ ముందుకొచ్చి నిలబడింది. ఇంతమంది చదువుకునే పిల్లల ముందు నిలబడడం ఆమెకు అలవాటు లేదు. చేతులు కొంగులో చుట్టుకుంది. "తాండూరుల నాకు బట్టల దుకాణమున్నది. ఆడ కొన్న ఓణీకి రంగు నిలవలే. నిన్న మీరు సూసిన ఎరుపు ఈ పిల్లది గాదు, నాది. నవ్వాలంటే నన్ను సూసి నవ్వండ్రి" అంది. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. ఆమె వెళ్ళిపోయాక కొందరు పిల్లలు నాతో మాట్లాడారు. ఇంకొందరు, కథల్లోలాగ మారిపోలేదు, చాలా రోజులు చాటున నవ్వుతూనే ఉన్నారు. నేను బడి మానలేదు. ఆమె అంత దూరం వచ్చాక మానడానికి ముఖం చెల్లలేదు.

ఆ తర్వాత సెలవులకు పోతూ వస్తూ ఆమె దుకాణం దగ్గర ఆగడం నాకు అలవాటైంది. దుకాణం ముందు ఇత్తడి గంగాళం ఒకటి వెలిసింది. కొత్త బేలు రాగానే బసవ్వ ప్రతి తానులోంచి జానెడు ముక్క కత్తిరించి, అందులో ఉతికి, ఆరవేసి, ఆ తాను పక్కనే కట్టేది. కొనేవాళ్ళు ముందు ఉతికిన ముక్క చూసేవారు. బొటనవేళ్ళతో గంజి నలిపి చూడడం, దారాన్ని వెలుతురుకు పట్టి చూడడం నాకు అప్పుడే నేర్పింది. వీరప్ప కొన్నాళ్ళు ఓర్చుకుని, తన వాటా తీసుకుని ఎదురుగానే వేరే దుకాణం పెట్టుకున్నాడు. జనం ఆమె నిజాయితీ చూసి ఆమె దగ్గరే బారులు తీరారని రాయాలని ఉంది. అట్లా జరగలేదు. మంచి బట్ట ధర మంచి బట్ట ధరే. జనం వచ్చి, ఉతికిన ముక్క చూసి, తల ఊపి, ఎదురు దుకాణంలో కొనుక్కునేవారు.

ఒక పొద్దు నేను అక్కడ ఉండగానే రత్నమ్మ అని కూలి చేసుకునే ఆమె వచ్చింది. క్రిస్మసు దగ్గర పడింది. బిడ్డకు లంగా గుడ్డ కావాలంది. బసవ్వ గట్టి గుడ్డ తీసి, ఇది రెండేళ్ళు వస్తుందని చెప్పింది. రత్నమ్మ దాన్ని తడిమి వెనక్కి ఇచ్చేసింది.

"మంచిదే అవ్వా. మంచిదని నాకూ ఎరుకే. నాకాడ గన్ని పైసలు లేవు."

"ఎదురుంగ కొంటవు. ఒక్క ఉతుకుకు పోతది."

"పోనీ. పండుగ పూట నా బిడ్డ నలుగురిల ఎర్రగ కనబడుతది గదా. మరునాడు సంగతి మరునాడు." నొచ్చుకోకు అన్నట్టుగా, "ఉన్నోళ్ళకు రెండేండ్ల బట్ట. మాకు ఒక్క పొద్దు బట్ట" అంది.

ఆమె వెళ్ళిపోయాక బసవ్వ ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేను మంచిగ అమ్ముతున్న అనుకుంటున్న. ఎవరికమ్ముతున్న?" అంది. గంగాళం పెట్టి సిగ్గు కడుక్కున్నాననుకున్న మనిషికి ఇంకో సిగ్గు ఎదురైంది. నేనైతే అక్కడ ఆగిపోయేదాన్ని. ఆమె ఆ తర్వాతి నెల నుంచి చవక బట్ట కూడా పెట్టింది. కానీ దాని దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేది. ఇది ఒక్క కాలం వస్తుంది. ఇది రంగు పోతుంది, తెల్ల రవికతో కట్టకు. మొదటిసారి ఉప్పు నీళ్ళలో నానబెట్టు, నీడకు ఆరెయ్యి. తెలిసి కొనుక్కునే హక్కు ఉన్నోళ్ళకొక్కరికే ఉందా అనేది. రత్నమ్మ మళ్ళీ వచ్చింది. మరికొందరూ వచ్చారు. ఎదురు దుకాణం మాత్రం పెద్దదవుతూ పోయింది, ఈమెది చిన్నదవుతూ పోయింది. చివరికి సగం గది కందుల వ్యాపారికి బాడుగకు ఇచ్చింది.

నేను ట్రైనింగు అయి కొడంగల్ వైపు ఒక బడిలో పంతులమ్మనయ్యాను. ఓణీ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. నా మంచి చీరలు, నా మంచి మాట చూసి అందరూ నన్ను కలిగినవాళ్ళ పిల్లననుకునేవారు. అనుకోనిచ్చాను. ఒకసారి జెండా పండుగకు ముందు పెద్ద సారు అందరినీ పిలిచి, ఈసారి పిల్లలంతా కొత్త తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, లంగాలతో రావాలని, రానివాళ్ళను వరసలో నిలబెట్టొద్దని అన్నారు. చెడ్డ ఉద్దేశం కాదు, బడి ముచ్చటగా కనబడాలని. "ఇప్పుడు చవక బట్ట ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. ఎంత పేదవాళ్ళయినా కొనుక్కోవచ్చు" అన్నారు. అందరూ తల ఊపారు. నేనూ ఊపబోయాను.

ఊపలేకపోయాను. లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో అనుకోలేదు. "సార్, నేను చవక బట్ట కట్టుకున్నదాన్ని" అన్నాను. అక్కడ ఆగకుండా మొత్తం చెప్పాను. గొర్ల మంద, ఒక్క చీర, పందిరి కింద వాన, తెల్ల చీర మీద నా వేళ్ళు. ముట్టు మాట కూడా చెప్పాను, మగ పంతుళ్ళ ముందు. చెప్తున్నంతసేపూ నా చెమట నాకే తెలుస్తోంది. ఒకరిద్దరు కిటికీ వైపు చూశారు. పెద్ద సారు బల్ల మీది కలాన్ని అటూ ఇటూ జరిపి, చివరికి "ఉన్నవాళ్ళు వేసుకొస్తారు, లేనివాళ్ళు ఉతికినవి వేసుకొస్తారు. అందరూ వరసలోనే నిలబడతారు" అన్నారు. ఆ తర్వాత నాతో కొందరి మాట మారింది. నన్ను చూసే చూపూ మారింది. అది బాగా లేదు. బాగుందని చెప్పను.

ఆ ఆదివారమే తాండూరు వెళ్ళాను. బసవ్వ అప్పటికి కాళ్ళకు నీరు పట్టి, దుకాణం వెనక గదిలో మంచం పట్టింది. జరిగింది చెప్పాను.

"చెప్తుంటె ఎట్లున్నది?" అని అడిగింది.

"సిగ్గయింది అవ్వా."

"చెప్పినంక తగ్గిందా?"

"తగ్గలే."

"నాకు గూడ తగ్గలే. మీ బడి పిల్లల ముందట నిలబడ్డది ఇప్పటికి కలల వస్తది" అంది. కాళ్ళ మీది దుప్పటి సర్దుకుని, "తగ్గుతదేమో అని కూసుంటే ఎవరికి ఎన్నడు చెప్పలేం బిడ్డా" అంది. ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది. నాకు కబురు చేరేసరికి వాళ్ళ పద్ధతిలో కూర్చోబెట్టి సమాధి చేసేశారు. దుకాణాన్ని వీరప్ప కొడుకులు తీసుకున్నారు.

నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు, చాలా ఊళ్ళలో పని చేశాను. కొత్త తరగతి చేతికొచ్చిన ప్రతి ఏడూ, మొదటి నెలలో ఒక రోజు పుస్తకం మూసేసి ఈ సంగతి పిల్లలకు చెప్పేదాన్ని. ప్రతి ఏడూ అంతే కష్టంగా ఉండేది. కొన్నేళ్ళు చెప్పకుండా దాటవేద్దామనుకుని మళ్ళీ చెప్పాను. పిల్లలు నవ్వే చోట నవ్వేవారు. అది నాకు గుచ్చుకునేది. ఒక ఏడు చివరి వరసలో ఒక పిల్ల ఉండేది. రవిక భుజం దగ్గర చిరిగి, ఆ చిరుగును ఎప్పుడూ ఎడమ చేత్తో మూసుకుని, ఒంటి చేత్తోనే రాసేది. పలక జారిపోతుంటే గడ్డంతో ఆపుకునేది. ఆ రోజు నేను చెప్పడం అయ్యాక తల ఎత్తి నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత భుజం మీంచి చెయ్యి తీసి, రెండు చేతులతో పలక పట్టుకుంది.